రక్షణ మంత్రి గారికి, హోం మంత్రి గారికి ఒక మత్స్యకారుడి అన్న రాస్తున్న ఉత్తరం

అయ్యా,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా పెట్టిన మూడు అర్జీలూ ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి తిరిగాయే గాని నాకు ఒక్క జవాబూ రాలేదు. కోస్ట్ గార్డ్ రక్షణ శాఖది, తీరం దగ్గర గస్తీ తిరిగే మెరైన్ పోలీసులకి బోట్లూ స్టేషన్లూ ఇచ్చేది హోం శాఖ పథకం, నడిపేది రాష్ట్రం, మా బోటు రిజిస్ట్రేషన్ మత్స్యశాఖలో. ఇవన్నీ మీకు తెలుసు. ఆ రాత్రి సంగతి మాత్రం మీ దాకా వచ్చి ఉండదు.

మాది శ్రీకాకుళం జిల్లా. మా తమ్ముడు, ఇంకో నలుగురు వేటకెళ్ళారు. సాయంత్రానికి రావాల్సిన బోటు రాలేదు, గాలి తిరిగింది. మెరైన్ పోలీసుల నంబరు 1093కి చేస్తే కోస్ట్ గార్డ్‌కి చెప్పమన్నారు. కోస్ట్ గార్డ్ నంబరు 1554కి చేస్తే బోటు ఎక్కడుందో పొజిషన్ అడిగారు, అది మాకెలా తెలుస్తుందండీ? మెరైన్ పోలీసు స్టేషన్‌కి పరిగెడితే అక్కడి బోటు రిపేరులో ఉంది. కానిస్టేబుల్ పాపం తన సొంత ఫోన్‌తోనే పది మందికి చేశాడు, ఆయన్ని నేను తప్పు పట్టను. మత్స్యశాఖ ఆఫీసుకి తాళం. మా అమ్మ ఒడ్డున నిలబడి టార్చిలైటు నీళ్ళ వైపు పట్టుకుంది, బ్యాటరీ అయిపోయినా చెయ్యి దించలేదు. తెల్లారాక పక్క ఊరి బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజన్ పాడైందట. అందరూ బతికొచ్చారు కాబట్టి ఆ రాత్రి ఏ రికార్డులోనూ లేదు.

సముద్రంలో కష్టంలో ఉన్న మత్స్యకారులకి సాయం చేయడం కోస్ట్ గార్డ్ విధి అని 1978 చట్టంలోనే ఉంది. 2008 ముంబై దాడి తర్వాత ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ (దాదాపు 22 కిలోమీటర్ల) లోపల తీర భద్రత బాధ్యత, పోలీసులు గస్తీ తిరిగే నీళ్ళతో సహా, కోస్ట్ గార్డ్‌కే ఇచ్చారు. బాధ్యత అక్కడుంటే ఆ పోలీసు బోట్లకి డీజిల్, మెకానిక్, సిబ్బంది ఇంకొకరి చేతిలో ఎందుకుండాలి? మాకు గుర్తింపు కార్డులిచ్చారు, బోట్లకి రంగులేయించారు, మీరే సముద్రానికి కళ్ళూ చెవులూ అన్నారు. మేం అన్నీ చేశాం కదండీ!

కోస్ట్ గార్డ్‌ని హోం శాఖకి మార్చాలనేవాళ్ళున్నారు. నాకది సరిగా అనిపించదు. ఓడలూ హెలికాప్టర్లూ నేవీతో కలిసి పనిచేయాలి, రక్షణ శాఖలోనే ఉండనివ్వండి. మెరైన్ పోలీసు బోట్లని కూడా కోస్ట్ గార్డ్ కిందకే తెండి, నీళ్ళలో దిగాక జవాబుదారీ ఒక్కరే ఉండాలి. నంబరూ ఒక్కటే ఉండాలి. దయచేసి ఒక్కరే, అయ్యా.

జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. 15న మా తమ్ముడు మళ్ళీ వెళ్తాడు. బోటు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆలోపు మా అమ్మకి చెప్పగలగాలి నేను.