ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మేక గుండెకు రెండు పీరియడ్లు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ జంతుశాస్త్రంలో రక్తప్రసరణ పాఠం ఉంది. హృదయం బొమ్మ ఇచ్చి భాగాలు గుర్తించమంటే మన బైపీసీ పిల్లలు చకచకా గుర్తిస్తారు. ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ ఎందుకంత మందమని అడిగితే మాత్రం ‘ఎక్కువ రక్తాన్ని పంపాలి కాబట్టి’ అంటారు చాలామంది. అది తప్పు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో ఒక్కో స్పందనకు రెండు జఠరికలూ చెరో 70 మిల్లీలీటర్లు పంపుతాయి. తేడా అంతా పీడనంలోనే. ఎడమ జఠరిక ఒంటికంతా రక్తం తీసుకెళ్లే మహాధమనిలోకి సుమారు 120 మి.మీ. పాదరస పీడనంతో నెట్టాలి. కుడిదానికి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలోకి నెట్టడానికి 25 చాలు. కుడి జఠరిక ప్రతి స్పందనకూ ఎడమదానికంటే ఒక్క మిల్లీలీటరు ఎక్కువ పంపిందనుకోండి. నిమిషానికి 72 స్పందనల లెక్కన గంటలో నాలుగు లీటర్లకు పైగా రక్తం ఊపిరితిత్తుల్లో పేరుకుపోవాలి. ఒంట్లో ఉన్నదే ఐదు లీటర్లు! ఈ లెక్క ఒక్కసారి చేయించినా ఆ తప్పు జవాబు రాదు. గోడ మందాన్ని చేత్తో తడిమి చూసినవాడు ఇక ఎప్పటికీ మరచిపోడు.

అందుకే మా విన్నపం: ఈ పాఠం చెప్పే వారంలో వరసగా రెండు ప్రాక్టికల్ పీరియడ్లు కేటాయించి, ఐదుగురు విద్యార్థులకు ఒకటి చొప్పున మేక గుండె ఇవ్వాలి. డిగ్రీ, పీజీ జంతుశాస్త్రంలో ప్రయోగాల కోసం జంతువులను కోయడాన్ని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2014లో ఆపించింది. అది సరైన నిర్ణయమే. మేము అడుగుతున్నది మటన్ కొట్టులో తిండికి అమ్మే గుండెకాయ. దీనికోసం ప్రత్యేకంగా ఏ ప్రాణినీ చంపనక్కర్లేదు.

కొట్టతనికి ముందురోజే చెప్పి ఉంచాలి. లేకపోతే గుండెకాయను నిలువునా చీల్చి, రక్తం గడ్డలు తీసేసి, పైన గొట్టాలు కోసేసి ఇస్తారు. అది కూరకు బాగుంటుంది కానీ పాఠానికి పనికిరాదు. గాటు పడకూడదు, మహాధమని కనీసం రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి, కర్ణికలు (గుండె పై గదులు) తెగకూడదు. ఊపిరితిత్తులతో కలిపి తీసుకుంటే ఇంకా మేలు. ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే పుపుస సిరలు గుండెలో ఎక్కడ కలుస్తాయో అప్పుడే కనిపిస్తుంది. ఏ పూట తెచ్చినది ఆ పూటే వాడాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి కరిగిస్తే కండరం మెత్తబడి, కింద చెప్పబోయే కవాటాల (రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపుల) పరీక్ష చెడుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే కవాటాల పొరలు గట్టిపడిపోతాయి, దాని ఆవిరి కళ్లకూ ఊపిరితిత్తులకూ చేటు. చల్లటి నీళ్లు పోస్తూ మెల్లగా పిసికితే లోపలి గడ్డలు వచ్చేస్తాయి.

కత్తెర ముట్టుకునే ముందు కుడిఎడమలు తేల్చుకోవాలి. ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. గుండెను ట్రేలో ఎదుటి మనిషి ఛాతీలో ఉన్నట్టుగా పెడితే, గుండె ఎడమవైపు మన కుడిచేతి వైపుకు వస్తుంది. ముందువైపు ఏదో తెలియకపోతే పుపుస ధమనిని చూడండి, అది ముందునుంచే లేస్తుంది. రెండు పక్కలా నొక్కి చూస్తే గట్టిగా తగిలేది ఎడమ జఠరిక, మెత్తగా లోపలికి పోయేది కుడిది. కింది మొన ఎడమ జఠరికదే. ఆ తర్వాత మొద్దు కొస ఉన్న గాజుకడ్డీని పుపుస ధమనిలోంచి దింపితే కుడి జఠరికలోకి, మహాధమనిలోంచి దింపితే ఎడమ జఠరికలోకి పోతుంది. ఏ గొట్టం ఏ గదిదో అని బట్టీ పట్టే పని తప్పుతుంది.

కోయకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మాకు అన్నిటికంటే విలువైనది అదే. మహాధమని అంచును రెండు ఫోర్సెప్స్‌తో పట్టి, గుండెను నిటారుగా ఉంచి, పైనుంచి నీళ్లు పోయాలి. అర్ధచంద్రాకార కవాటపు మూడు రెక్కలూ ఒకదానికొకటి ఆనుకుని నీళ్లు నిలిచిపోతాయి. పైన పీడనం ఎక్కువ కాబట్టి మూసుకున్నాయి. వాటిని మూయడానికి ఏ కండరమూ పనిచేయలేదు, ఆ గుండెకు ప్రాణమే లేదు కదా! నీటిమట్టం నెమ్మదిగా తగ్గుతుంటే కవాటం కారుతోందని తొందరపడకండి. కవాటానికి కాస్త పైన హృదయ ధమనుల ద్వారాలు రెండు ఉంటాయి, కొంత నీరు అటు పోతుంది. నీళ్లు వంపేసి సన్నటి చీపురుపుల్లను ఆ రంధ్రంలోకి పోనిస్తే, గుండె తనకోసం తాను రక్తం తీసుకునే దారి తెలుస్తుంది. రెక్కల మధ్య ఇరుక్కున్న రక్తం గడ్డ, కొట్టులో పడిన గాటు, వీటివల్ల మాత్రం నీళ్లు గబగబా కారిపోతాయి.

ఇక కోత. కత్తెర మొద్దు కొస లోపలికి పెట్టి, పూర్వ మహాసిర (కుడి కర్ణికలోకి రక్తం తెచ్చే పెద్ద సిర) నుంచి కుడి కర్ణిక మీదుగా, కుడి అంచు వెంబడి కింది మొన దాకా కోయాలి. జఠరికల మధ్య గోడకు దూరంగా ఉండాలి. ఎడమవైపు కూడా ఇలాగే, ఎడమ కర్ణిక నుంచి మొదలుపెట్టాలి. కవాటం దాటగానే ఆగి, లోపల తెల్లటి దారాల్లా కనిపించే స్నాయు రజ్జువులను, అవి అతుక్కున్న పాపిల్లరీ కండరాలను (జఠరిక గోడనుంచి పొడుచుకొచ్చినవి) చూసుకుని వాటి మధ్యనుంచే కత్తెర నడపాలి. చూడకుండా సాగిస్తే రజ్జువులు తెగి కవాటం రెక్క వేలాడిపోతుంది.

రజ్జువులు కవాటాన్ని లాగి తెరుస్తాయని పిల్లలు రాస్తుంటారు. తెగని ఒక రెక్కను కర్ణికవైపు వేలితో నెట్టి చూపించండి. కొంతదూరం వెళ్లి, రజ్జువులు బిగుసుకోగానే ఆగిపోతుంది. జఠరిక సంకోచించినప్పుడు రెక్కలు కర్ణికలోకి తిరగబడకుండా ఆపడమే వాటి పని. కవాటాన్ని తెరిచేదీ మూసేదీ పీడనంలోని తేడానే. కుడి జఠరికలో గోడనుంచి గోడకు అడ్డంగా పోయే పట్టీ తగిలితే అదేదో జబ్బు అనుకోవద్దు. విద్యుత్ ప్రేరణను మోసే ఒక పాయ అందులోంచి పోతుంది, మనిషి గుండెలోనూ అది ఉంటుంది.

గోడల మందం స్కేలుతో కొలిచేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. కింది మొన దగ్గర ఎడమ గోడ పలుచగా ఉంటుంది, అక్కడ కొలవకూడదు. పాపిల్లరీ కండరాన్ని కలిపి కొలవకూడదు. రెండు జఠరికలనూ నడిమి ఎత్తులో, మూడేసి చోట్ల కొలిచి సగటు తీయాలి. చనిపోయాక కండరం బిగుసుకుంటుంది కాబట్టి మిల్లీమీటర్లకంటే ఎడమ, కుడి గోడల నిష్పత్తి రాయించడమే నయం. మేక గుండెకూ మనిషి గుండెకూ ఉన్న తేడాలు కూడా అప్పుడే చెప్పాలి. మనిషిలో మహాధమని చాపం (వంపు తిరిగే భాగం) నుంచి సాధారణంగా మూడు పెద్ద శాఖలు విడివిడిగా బయల్దేరితే, మేకలో అవి ఒకే పెద్ద కాండంగా మొదలవుతాయి.

గ్లౌజులు, చివర్లో సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. వాడిన గుండెను ఎవరూ వండుకోకూడదు, కుక్కలకూ వేయకూడదు. మేకల, గొర్రెల పచ్చి అవయవాలు తిన్న కుక్కల ద్వారానే ఒక రకం బద్దెపురుగు వల్ల వచ్చే హైడాటిడ్ వ్యాధి మనుషులకు చేరుతుంది.

మాంసం ముట్టుకోలేని విద్యార్థులను బలవంతపెట్టకూడదు, మార్కులూ కోయకూడదు. వారికి చేయించదగినది 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే చూపిన పరీక్ష. మోచేతికి కాస్త ఎగువన గుడ్డతో ఓ మాదిరిగా కడితే ముంజేతి సిరలు ఉబ్బుతాయి. ఉబ్బిన సిర మీద ఒక వేలు నొక్కి ఉంచి, రెండో వేలితో అక్కడినుంచి పైకి, తర్వాతి కవాటం దాటేదాకా రక్తాన్ని తోసేయాలి. పై వేలు తీసినా ఆ ముక్క ఖాళీగానే ఉంటుంది, కింది వేలు తీయగానే నిండుతుంది. సిరల్లో రక్తం గుండెవైపే పోతుందని తేలిపోతుంది. కట్టు మరీ బిగిస్తే ధమని కూడా మూసుకుపోయి సిర అసలు ఉబ్బదు. ఒకటి రెండు నిమిషాలకు మించి కట్టు ఉంచకూడదు.

ఇంటర్ బోర్డులు ఈ పనిని ప్రాక్టికల్ రికార్డులో తప్పనిసరి చేసి, ఖర్చును కాలేజీ ల్యాబ్ నిధుల నుంచే పెట్టుకునేలా ఆదేశమివ్వాలని కోరుతున్నాం. పిల్లలతో డబ్బులు వసూలు చేయకూడదు. పరీక్షలో బొమ్మకు మార్కులు ఉండనివ్వండి. నీళ్లు ఎందుకు నిలిచాయి, రజ్జువు తెగితే ఏమవుతుంది, కుడి గోడ ఎందుకు పలుచన అనే ప్రశ్నలకు కూడా అక్కడే నోటితో జవాబు చెప్పించి మార్కులు వేయండి.

ఇట్లు,
కొందరు జూనియర్ కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకులు