సాక్ష్యంలో చెప్పనివాళ్లకి

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. వందనాలు అలవాటు లేనివాళ్లకి నమస్తే, మా రెండో అంతస్తు ఖాలాకి సలాం. పొడుగ్గానే రాస్తాను, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి పదహారు రోజులు. నిన్న మొదటిసారి షాపుకి వెళ్లి రెండు గంటలు కూర్చుని వచ్చారు. వచ్చి పప్పుచారుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. ఒక మనిషి మారు అన్నం అడిగితే ఇంత సంతోషం ఉంటుందని నాకు ఇంతకుముందు తెలియదు.

పోయిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాను. "నా భర్త మరణపు గుమ్మం దాకా వెళ్తే దేవుడే వెనక్కి తెచ్చాడు, సమస్త మహిమ ఆయనకే" అని చెప్పి, ఏడ్చి, కూర్చున్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. ఇంటికి వస్తుంటే స్కూటీ వెనక కూర్చున్న మా పెద్దది, ఎనిమిదో తరగతి, అడిగింది. "మమ్మీ, మరి ప్లేట్‌లెట్స్ ఇచ్చిన అన్న సంగతి ఎందుకు చెప్పలేదు?" దేవుడే పంపించాడు కదా బిడ్డా, అన్నాను. "పంపింది దేవుడే, వచ్చింది అన్న కదా" అంది. అక్కడి నుంచి వారాసిగూడలో మా గల్లీ వచ్చేదాకా నేను మాట్లాడలేదు. అందుకే ఈ పోస్టు. ఆ రోజు మైకులో చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. మా ఆయనకి రామ్‌నగర్‌లో మోటారు వైండింగ్ షాపు. వినాయక చవితి అయిన అయిదారు రోజులకి జ్వరం మొదలైంది, ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక నొప్పి. డెంగీ అన్నారు. అయిదో రోజు పొద్దున జ్వరం పూర్తిగా తగ్గింది. మేం సంబరపడిపోయాం, నేను పాలు వేసి సేమియా కూడా చేశాను. ఆ రాత్రే చిగుళ్ల నుంచి రక్తం. తర్వాత డాక్టరు చెప్పాక తెలిసింది, డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు భయపడాల్సిన రోజులట. మీ ఇంట్లో ఎవరికైనా వస్తే ఇది గుర్తుపెట్టుకోండి, జ్వరం పోయింది కదా అని సేమియా చేసుకుంటూ కూర్చోకండి.

ఆ రాత్రి మరి మామూలు రాత్రి కాదు, నిమజ్జనం రాత్రి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. క్యాబ్ ఒక్కటి కూడా దొరకలేదు. కింద ఇంట్లో అద్దెకుండే ఆటో అన్న అప్పుడే బండి పెట్టి, చొక్కా విప్పి పడుకున్నాడు. తలుపు కొడితే ఒక్క మాట అడగకుండా చొక్కా భుజాన వేసుకుని వచ్చాడు. చిలకలగూడ దగ్గర ఊరేగింపులో ఇరుక్కుపోయాం. ముందు లారీ, వెనక లారీ, డీజే మోతకి ఆటో రేకులు అదురుతున్నాయి, మా ఆయన నా భుజం మీద తల పెట్టి తువ్వాలులో ఉమ్ముతున్నారు, తువ్వాలు ఎర్రగా అవుతోంది. నాకు ప్రార్థన కూడా రాలేదు. ప్రభువా, ప్రభువా, అంతే. నలభై ఏళ్లుగా నేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

ఆ లారీ మా గల్లీ మండపం వాళ్లదే. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ పిల్లల డీజే గురించి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరికంటే గట్టిగా రాసింది నేనే. పిల్లల పరీక్షలు, ముసలివాళ్ల గుండెలు, పోలీసులకి చెబుతాను, అన్నీ రాశాను. వాళ్లకి తెలుసు నేనే రాశానని. వాళ్లలో ఒకబ్బాయి ఆటోలోకి తొంగి చూసి, "అరే, స్కూల్ ఆంటీ" అన్నాడు. అంతే. పాట ఆగిపోయింది. నలుగురు ముందు పరిగెత్తి జనాన్ని పక్కకి జరిపారు, ఇద్దరు బైకు మీద ఆసుపత్రి గేటు దాకా మా ముందే హారన్ కొట్టుకుంటూ వచ్చారు.

ఆసుపత్రి పేరు రాయను. డాక్టర్లు మంచివాళ్లే, బిల్లింగ్ కౌంటరు సంగతి మాత్రం దేవుడికే వదిలేస్తున్నాను. యాభై వేలు కట్టాలి, డోనర్‌ని మీరే తెచ్చుకోవాలి అన్నారు. ప్లేట్‌లెట్స్ కౌంట్ 12 వేలు. మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. "కౌంట్ తగ్గినంత మాత్రాన అందరికీ ఎక్కించమమ్మా, ఈయనకి రక్తం కారుతోంది కాబట్టి కావాలి" అన్నారు డాక్టరుగారు. ఆ రాత్రి నేర్చుకున్నది ఏమిటంటే, ప్లేట్‌లెట్స్ రక్తంలాగా నెల రోజులు దాచిపెట్టడానికి కుదరదు, అయిదు రోజులే ఉంటాయట. అందుకే అప్పటికప్పుడు మనిషి కావాలి. ఒకే డోనర్‌ని మిషన్ పక్కన కూర్చోబెట్టి రక్తం తీసి, ప్లేట్‌లెట్స్ మాత్రం ఉంచుకుని మిగతాది మళ్లీ ఆ మనిషి ఒంట్లోకే పంపిస్తారు. గంట, గంటన్నర పడుతుంది.

మా ఆయనది బి పాజిటివ్, మామూలుగా దొరికే గ్రూపే. కానీ అర్ధరాత్రి, ఆ జనంలో, మా బంధువులంతా అల్వాల్లో ఒకరు, ఉప్పల్లో ఒకరు. బైకు మీద వచ్చిన ఇద్దరూ ఫోన్లు చేశారు. అరగంటలో అయిదుగురు. అందులో ఇద్దరు తల దించుకుని "ఆంటీ, మేం కొంచెం వేసుకున్నాం, పనికిరాం" అని వాళ్లంతట వాళ్లే పక్కకి తప్పుకున్నారు. ఆ నిజాయితీకి కూడా నా వందనాలు, నవ్వకండి, నిజంగానే. ఒకడికి నరం సన్నగా ఉందన్నారు, ఇంకొకడికి వాడి కౌంటే తక్కువ ఉందట. అయిదోవాడు సరిపోయాడు. ముఖం నిండా గులాల్, తల నిండా రంగు. పదకొండు రోజులు రాత్రింబగళ్లు కాపలా కాసిన వినాయకుణ్ణి మిగతావాళ్లు తీసుకెళ్లి హుస్సేన్‌సాగర్లో కలుపుతుంటే, ఈ అబ్బాయి బ్లడ్ బ్యాంకు కుర్చీలో చెయ్యి చాపి కూర్చున్నాడు. నేను ఏదో అనబోతే, "గణపతి వచ్చే ఏడు మళ్లీ వస్తాడు ఆంటీ, మీరు అంకుల్ దగ్గరికి పోండి" అన్నాడు.

మర్నాటికి కౌంట్ 38 వేలు. రక్తం ఆగింది.

(డీజే గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆ మాట ఆ అబ్బాయికీ చెప్పాను. సౌండ్ తగ్గిస్తామన్నాడు. చూద్దాం.)

తర్వాతి ఆరు రోజుల్లో ఎవరెవరు ఏం చేశారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు, ఒక్కొక్కటి బయటపడుతోంది. షాపులో తొమ్మిది మోటార్లు పెండింగ్ ఉన్నాయి, మీద సుద్దతో రాసిన పేర్లు తప్ప రసీదు లేదు. అవతల వాళ్ల ఇళ్లలో నీళ్లు లేవు, రోజూ ఫోన్లు. పక్కనున్న సైకిల్ షాపు పెద్దాయన మా దగ్గర పనిచేసే కుర్రాణ్ణి కూర్చోబెట్టి, వాడికి తెలిసినంత వైండింగ్ వాడిచేత చేయించి, తెలియనివి ఇంకో షాపుకి పంపి చేయించి, తొమ్మిదీ డెలివరీ ఇచ్చాడు. వసూలైన డబ్బు పాత నోట్‌బుక్ కాగితంలో లెక్క రాసి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చిచ్చాడు. టీ ఖర్చు కూడా తనే పెట్టుకున్నాడు. ఆయనకీ మా ఆయనకీ షాపు ముందు బండ్లు పెట్టే విషయంలో మూడేళ్లుగా మాటల్లేవని నాకు ఆ రోజే తెలిసింది.

చీటీ సంగతి. ఈ నెల చీటీ పాడుకున్నది నేను కాదు, మా వీధి చివర కుట్టుమిషన్ అక్క. కూతురి ఇంజినీరింగ్ ఫీజు కోసం పాడుకుంది. ఆ డబ్బు నా చేతిలో పెట్టి, "నీ వంతు వచ్చినప్పుడు నాకియ్యి, కాలేజీవాళ్లని నేను బతిమాలుకుంటా" అంది. నాకు నోట మాట రాలేదు. మా చర్చి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి అక్కలు ఒక కవరు తెచ్చారు, లోపల 18,350 రూపాయలు, అన్నీ పదులు, ఇరవైలు, వందలు. ఆ యాభై ఎవరిదో నాకు తెలుసు, వితంతు పెన్షన్ మీద బతికే మా పెద్దమ్మది. వద్దంటే తిట్టింది.

పుచ్చుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. పుచ్చుకోవడం కంటే ఇవ్వడం ధన్యమని సండే స్కూల్లో పిల్లలకి ఎన్నేళ్లుగానో చెబుతున్నాను. ఎవరికి బాగోలేకపోయినా టిఫిన్ డబ్బాతో ముందు వెళ్లేది నేనే, ఆ పేరు నాకు ఇష్టమే, ఒప్పుకుంటున్నాను. అలాంటిది ఖాలా వచ్చి "పిల్లలు నా దగ్గర తిన్నారు, నువ్వు తిన్నావా లేదా ముందు అది చెప్పు" అని కసిరితే నాకు ఏడుపొచ్చింది. మా చిన్నోడు ఆ ఆరు రోజులూ పొద్దున్నే వాళ్లింట్లో ఖిచ్డీ, ఖట్టా తిని స్కూలుకి పోయాడు. ఇప్పుడు ఇంట్లో ఉప్మా పెడితే అలుగుతున్నాడు.

నైట్ డ్యూటీ సిస్టర్‌కి ప్రత్యేకంగా. బ్రష్ వాడొద్దన్నారు కాబట్టి గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఆయన చేత పుక్కిలింపించి, నోరు తుడిచి, నన్ను "అక్కా, మీరు గంట పడుకోండి, నేను చూస్తా" అన్న ఆ అమ్మాయి. అది తన పనేనని మీరనొచ్చు. పనే. నేనూ టీచర్నే, పని పనిలా చేయడం ఎలా ఉంటుందో, అలా చూసుకోవడం ఎలా ఉంటుందో తెలుసు.

అన్నీ ఇలాంటి ఫోన్లే కాదు లెండి. ఒక బంధువు ఫోన్ చేసి, దశమభాగం (సంపాదనలో చర్చికిచ్చే పదో వంతు) సరిగ్గా ఇస్తున్నారా, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏమైనా ఉందా చూసుకోండి అన్నారు. దోమ కుట్టడానికి దశమభాగానికి ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. బైబిల్లో కష్టాలు పడ్డ యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మూసుకుని పక్కన కూర్చున్నారు, మాట్లాడటం మొదలుపెట్టాకే చెడ్డవాళ్లయ్యారు. మా పాస్టరు అయ్యగారు మాత్రం వచ్చి చిన్న ప్రార్థన చేసి, గంటసేపు ఊరికే కూర్చుని, వెళ్తూ వెళ్తూ క్యాంటీన్‌లో మా బాకీ కట్టేసి వెళ్లారు. ఇది కూడా తర్వాతే తెలిసింది.

మాది మెదక్ దగ్గర పల్లె. మెదక్ చర్చి చూసినవాళ్లకి తెలుసు, లోపల నిలబడితే మెడ ఎత్తి చూడాల్సిందే. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు, 2024లో నూరేళ్లని పెద్ద పండుగ. కరువు కాలంలో జనానికి పని కల్పించి, కూలి బదులు తిండి పెట్టి కట్టించారు మిషనరీ పాస్నెట్ దొర. మా నాన్నమ్మ ఎప్పుడూ అనేది, "దొర కట్టిచ్చిండు, మా తాత రాళ్లు మోసిండు" అని. చిన్నప్పుడు అదేదో గొప్పలు అనుకునేదాన్ని. ఇప్పుడనిపిస్తోంది, ఆమె గొప్పలు చెప్పుకోలేదు, లెక్క సరిచేసేది. దొర పేరు అందరికీ తెలుసు, దేవుడి పేరు ఎలాగూ తెలుసు, మధ్యలో రాళ్లు మోసినవాళ్లని ఆమె తప్ప ఎవరూ తలుచుకోలేదు.

మా అమ్మాయి అడిగిన రాత్రి బైబిల్లో రోమా పత్రిక, అంటే పౌలు రోమాలో ఉన్న విశ్వాసులకి రాసిన ఉత్తరం, పదహారో అధ్యాయం తీశాను. ఏటా బైబిలు పూర్తిచేసే ప్లానులో నేను గబగబా దాటేసే అధ్యాయం అది, అన్నీ పేర్లే. పౌలు అంత పెద్ద సిద్ధాంతమంతా రాసి, చివర కూర్చుని రెండు డజన్లకి పైగా పేర్లు రాశాడు. ఫీబే నాకు సాయం చేసింది, ప్రిస్కిల్ల, అకుల నా ప్రాణం కోసం తమ మెడలు పెట్టారు, రూఫు తల్లి నాకూ తల్లే అని. "దేవుడే చేశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం పౌలుకి రాక కాదు కదా. నేను మాత్రం ఆ ఒక్క ముక్కతో అందరి బాకీ కొట్టేసుకున్నాను.

నేను కూడా పేర్లు రాద్దామనే కూర్చున్నాను. ప్లేట్‌లెట్స్ అబ్బాయి వద్దన్నాడు, కుట్టుమిషన్ అక్క "కాలేజీవాళ్లు చూస్తే ఫీజు ఏదని నన్నే అడుగుతారు" అంది, సైకిల్ షాపు పెద్దాయనకి ఫేస్‌బుక్కే లేదు, మా అబ్బాయి చదివి వినిపిస్తానన్నాడు. కాబట్టి పేర్లు లేవు. మీకు తెలుసు మీరెవరో. చదివి "ఇది నేనే" అనుకున్న ప్రతి ఒక్కరికీ, చెప్పకుండా చేసి ఇంకా నాకు తెలియనివాళ్లకీ, మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి దండం పెడుతున్నాం.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో కృతజ్ఞతా కూటం. ప్రార్థన ముప్పావు గంటే, అయ్యగారికి చెప్పాను, ఆ తర్వాత బిర్యానీ, తిననివాళ్లకి బగారా అన్నం, పప్పు. సాక్ష్యం మళ్లీ చెబుతాను, ఈసారి పూర్తిగా. ప్రార్థన అలవాటు లేనివాళ్లు ఏడింటికి రండి, ఏమీ అనుకోను.

ఇంకొకటి. మా వంటింట్లో మీ గిన్నెలు పదకొండు ఉన్నాయి. అడుగున పేర్లు చెక్కించినవి పది, ఎవరివి వాళ్లకి ఒకటొకటిగా చేరుస్తున్నాను. ఒక్క స్టీలు టిఫిన్ డబ్బా మాత్రం, రెండు గిన్నెలది, పక్కన కొంచెం సొట్ట, పేరు లేదు. మూడో రోజు రాత్రి వార్డు బయట కుర్చీలో పెట్టి ఉంది, లోపల పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి. ఎవరు పెట్టారో సిస్టర్లకీ తెలియదు. అది మీదైతే ఆదివారం వచ్చి తీసుకెళ్లండి. ఖాళీగా మాత్రం ఇవ్వను.