వెయిటేజీ పోయింది, మార్కుల అవసరం పోలేదు

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలు మొదలుకాకముందే మా హనుమకొండలో ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతుంటారు. ఫీజు రాయితీ గురించి, హాస్టల్ గురించి చెబుతారు, నయీంనగర్ రోడ్డు పొడవునా ఉన్న హోర్డింగుల మీది ర్యాంకులు చూపిస్తారు. ఈ గ్రూపులో చేరితే రెండేళ్ల తర్వాత ఏ కోర్సుకు అర్హత ఉంటుందో, దేనికి ఉండదో, ఇంటర్ మార్కులు ఎక్కడెక్కడ లెక్కకు వస్తాయో మాత్రం ఎవరూ చెప్పరు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఈ ఒక్క లోటు వల్ల చేతికందిన సీటు పోగొట్టుకున్న పిల్లలు ఏటా కనిపిస్తూనే ఉన్నారు.

ఒకప్పుడు ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ, అంటే వాటా, ఉండేది. కరోనా కాలంలో పక్కన పెట్టిన ఈ వెయిటేజీని 2023లో తెలంగాణ ప్రభుత్వం శాశ్వతంగా తొలగించింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అయితే అది ఊళ్లలోకి వెళ్లేసరికి ‘ఇంటర్ మార్కులతో ఇక పని లేదు, పాసైతే చాలు’ అన్న మాటగా మారిపోయింది. ఇప్పుడు ఈఏపీసెట్‌గా పేరు మారిన ఆ పరీక్షకే, ఇంజనీరింగ్ సీటు కావాలంటే గ్రూపు సబ్జెక్టుల్లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40 శాతం మార్కులు తప్పనిసరి. వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ రాసే బైపీసీ (జీవ, భౌతిక, రసాయన శాస్త్రాలు) విద్యార్థులకు కూడా ఇలాంటి కనీస మార్కుల నిబంధన ఉంది.

అసలు దెబ్బ తగులుతున్నది జాతీయ స్థాయి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ దగ్గర. కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ విద్యాసంస్థ అయిన ఎన్ఐటీలో సీటు రావాలంటే ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్‌లో 75 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకైతే 65 శాతం ఉండాలి, లేదంటే తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో, అంటే మార్కుల్లో ముందున్న 20 శాతం మందిలో, నిలవాలి. కరోనా ఏళ్లలో సడలించిన ఈ నిబంధన 2023 నుంచి తిరిగి అమల్లోకి వచ్చింది. నర్సంపేట దగ్గర ఉండే మా తమ్ముడి మనవడికి జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకే వచ్చింది. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే కాబట్టి ఏదో ఒక బ్రాంచిలో సీటు ఖాయమని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. తీరా కౌన్సెలింగ్‌కు కాగితాలు సర్దుకుంటుంటే ఇంటర్ మార్కులు 74 శాతం దగ్గరే ఆగిపోయాయని తేలింది. మన బోర్డులో 20 పర్సంటైల్ గీత అంతకన్నా చాలా పైన ఉంటుంది కనుక ఆ దారీ లేదు. మార్కులు పెంచుకునే ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాద్దామంటే మే నెలలోని అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అప్పటికే అయిపోయింది. ‘ఇంటర్ సంగతి మేం చూసుకుంటాం, నువ్వు మెయిన్ మీద కూర్చో’ అని వాడికి రెండేళ్లూ చెప్పిన కాలేజీ వారు ఆ రోజు ఫోను కూడా ఎత్తలేదు. ఆ 75 శాతం లెక్కలో భాషా పేపరు కూడా కలుస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఎంట్రెన్సు లేకుండా పూర్తిగా మార్కులతోనే నడిచే ప్రవేశాలూ ఉన్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో రాష్ట్ర ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల విధానం ‘దోస్త్’ ద్వారా ఇచ్చే సీట్లకు ఇంటర్ మార్కులే ఆధారం. ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్లు చదివించే బాసర ట్రిపుల్ ఐటీ అయితే పదో తరగతి దగ్గరే తలుపు తెరుస్తుంది. గ్రేడ్లు ఉన్న రోజుల్లో సర్కారు బడి పిల్లల జీపీఏకు (గ్రేడ్ల సగటుకు) 0.4 అదనంగా కలిపేవారు. అలా కలిపినా సమానంగా నిలిచిన వారిని గణితం, సైన్సు వంటి సబ్జెక్టుల గ్రేడ్లు చూసి, చివరికి వయసు చూసి విడదీయాల్సి వచ్చేది. ఇప్పుడు మెమోల మీద మళ్లీ మార్కులు వస్తున్నాయి కాబట్టి ఒక్క మార్కు తేడా కూడా లెక్కకు వస్తుంది. ఆరేళ్ల కోర్సు చదివే ఈ అవకాశం ఉందన్న సంగతి ములుగు, భూపాలపల్లి వైపు ఎన్ని బడుల్లో పరీక్షలకు ముందే చెబుతున్నారు?

ఇక గ్రూపుల విషయం. ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు) చదివినవారు తర్వాత మనసు మార్చుకుని బీకాంలోనో బీఏలోనో చేరవచ్చు, కానీ సీఈసీ (పౌర, ఆర్థిక, వాణిజ్య శాస్త్రాలు) చదివినవారు బీటెక్ వైపు రాలేరు. గణితమంటే భయంతో బైపీసీ తీసుకుని, నీట్‌లో సీటు రాక, కంప్యూటర్ కోర్సుల వైపు చూసి ఆగిపోయిన ఆడపిల్లలు నా తరగతుల్లోనే పదుల సంఖ్యలో ఉన్నారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలన్న కోరికతోనే పొరపాటున ఎంపీసీలో చేరిన కుర్రాడు కూడా ఒకడు నాకు గుర్తున్నాడు. పదిహేనేళ్ల వయసులో, మేనమామ చెప్పాడనో స్నేహితుడు చేరాడనో తీసుకున్న నిర్ణయాలివి.

ఇంటర్ బోర్డుకు, జిల్లా విద్యాధికారులకు మీ పత్రిక ద్వారా నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఏ గ్రూపుతో ఏ కోర్సులు చదవవచ్చో, ఏ ప్రవేశానికి ఎంత శాతం మార్కులు కావాలో తెలుగులో ఒకే పేజీలో అచ్చువేసి, పదో తరగతి హాల్‌టికెట్‌తో పాటు ప్రతి విద్యార్థికీ ఇవ్వాలి. మెమోతో పాటు ఇస్తే ఆలస్యమవుతుంది, అప్పటికే పీఆర్వోలు అడ్వాన్సులు కట్టించుకుని ఉంటారు. నిబంధనలు ఏటా మారుతుంటాయి కనుక ఆ కాగితాన్ని ఏటా సరిచూసే బాధ్యతను జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల ప్రిన్సిపాల్‌కు అప్పగిస్తే సరిపోతుంది. పిలిస్తే వచ్చి ఉచితంగా సాయం చేయడానికి మాలాంటి రిటైరైన లెక్చరర్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత జూనియర్ లెక్చరర్,
హనుమకొండ