ఫ్రీమాంట్‌లో టెంట్ల గొడవ

ఒరేయ్ సీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? "అమెరికాలో కూడా రోడ్డు మీద పడుకునేవాళ్ళుంటారా? వాళ్ళని ఏం చేస్తారు?" అని అడిగావు కదా, ఫోన్లో తేలే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నా.

ఉంటారురా, కాలిఫోర్నియాలో మా ఫ్రీమాంట్ ఊళ్ళోనే ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో మా సిటీ కౌన్సిల్ 6-1 ఓట్లతో ఒక ఆర్డినెన్స్, అంటే ఊరి చట్టం, తెచ్చింది. రోడ్డు పక్కన, పార్కులో, వాగు గట్టున, సర్కారు జాగా ఎక్కడైనా సరే, టెంట్ వేసుకుని ఉంటే నేరం. వెయ్యి డాలర్ల దాకా ఫైన్, ఆరు నెలల దాకా జైలు. పైగా అలా ఉండేవాళ్ళకి సాయపడినా, వాళ్ళని దాచినా నేరమేనని ఒక ముక్క తగిలించారు. అది చదివితే ఒళ్ళు మండిపోయింది. చలికి వణికేవాడికి టెంట్ కొనిచ్చినవాడూ దోషేనా? అన్నం పెట్టేవాళ్ళ జోలికి రామని సిటీవాళ్ళు చెప్పారు గానీ, కాగితం మీద ఒకటి, నోటిమాట ఒకటి అయితే ఎవరు నమ్ముతారు? జనం గట్టిగా అడిగాక మార్చిలో ఆ ముక్క తీసేశారు. నిషేధం మాత్రం ఉంది.

ఇలాంటి చట్టాలకి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, ఆరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరి కేసు నుంచి. అక్కడ అప్పట్లో పార్కులో దుప్పటి పరుచుకుని పడుకుంటే 295 డాలర్ల ఫైన్, కట్టకపోతే 537. రెండుసార్లు పట్టుబడితే పార్కులోకి రావద్దనేవారు, వస్తే నెల రోజుల దాకా జైలు. అంతకుముందు 2018లో ఐడహో రాష్ట్రంలోని బోయిసీ ఊరి కేసులో అప్పీల్ కోర్టు, ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే షెల్టర్‌లో మంచం ఖాళీ లేనప్పుడు బయట పడుకున్నందుకు శిక్షించకూడదంది. 2024 జూన్ 28న సుప్రీం కోర్టు 6-3తో దాన్ని పక్కన పెట్టేసింది. శిక్ష ఇల్లు లేనందుకు కాదు, అక్కడ మకాం పెట్టినందుకే అని జస్టిస్ గోర్సచ్ రాశారు. నిద్ర ఒంటికి తప్పనిది, దాన్నెలా నేరం చేస్తారని జస్టిస్ సొటొమాయోర్ విభేదించారు. నేను ఆవిడ పక్షమేరా. నెల తిరక్కుండానే మా గవర్నర్ న్యూసమ్, రాష్ట్ర స్థలాల్లో టెంట్లు ఎత్తేయమని ఆర్డర్ ఇచ్చారు, ఊళ్ళని కూడా అదే చెయ్యమన్నారు.

చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి ఫైన్ వేస్తే ఏమవుతుందో ఆలోచించు. అది అప్పుగా నిలబడిపోతుంది. ఇక్కడ ఇల్లు అద్దెకివ్వాలంటే ముందు క్రెడిట్ రిపోర్టు (అప్పులు ఎలా తీర్చాడో చెప్పే కాగితం), పోలీసు కేసులు చూస్తారు. ఇల్లు లేదని వేసిన ఫైనే ఇల్లు దొరక్కుండా చేయొచ్చు.

ఒకసారి టెంట్లు తీసేయడం దగ్గర్నుంచి చూశాను. ముందు టెంట్ తాడుకి నోటీసు కట్టి వెళ్ళారు. గడువు తీరాక చెత్త లారీ వచ్చింది. ఒక ముసలాయన నల్ల ప్లాస్టిక్ సంచి నేలమీద గుమ్మరించి ఐడీ కార్డు కోసం వెతుక్కుంటున్నాడు. తడిసిన సాక్సులు, మందుల సీసా, చార్జర్ వైరు వచ్చాయి గానీ కార్డు దొరకలేదు. అది లేకపోతే ఇంటికి దరఖాస్తు కదలడం కష్టం. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. తర్వాత అదే టెంట్లు కాస్త దూరంలో వంతెన కింద కనిపించాయి.

మా అపార్ట్‌మెంట్‌లో మనవాళ్ళకి భయాలున్నాయి. పిల్లలాడుకునే చోట మత్తుమందు సూదులు దొరుకుతాయనీ, చలిమంటలు అంటుకుంటాయనీ. ఆ భయం అబద్ధం కాదు, వాళ్ళని తప్పుపట్టను. కానీ లారీ వచ్చి వెళ్ళినంత మాత్రాన సూదులు పోవు కదా. 2020లో సిటీ హాల్ వెనక ఒక షెల్టర్ తెరిచారు. మంచంతో పాటు ఇల్లు వెతికిపెట్టే మనిషి కూడా ఉంటాడు. నాకు నచ్చిన పని అది. కాకపోతే ఉన్నవి కొన్ని పదుల మంచాలే.

హ్యూస్టన్‌లో టెంట్ల మీద నిషేధం ఉన్నా, ముందు ఇల్లు చూపించి ఆ తర్వాతే ఆ చోటు ఖాళీ చేయిస్తారట. 2012 నుంచి పాతికవేలమందికి పైగా ఇళ్ళలోకి చేరారు. అక్కడ అద్దెలు మాకంటే బాగా తక్కువ, అది నిజమే. అయినా ఆ వరస మాత్రం మేమూ పాటించొచ్చు. వచ్చే కౌన్సిల్ మీటింగ్‌కి మనవాళ్ళని కొందరిని వెంటబెట్టుకుని వెళ్ళి ఇదే అడుగుదామనుకుంటున్నా. మీ బావ అక్కడే ఉంటాడుగా, ఆయన నంబర్ పంపించు. అక్కడ ఈ పని ఎవరు చూస్తారో కనుక్కోవాలి.

నీ
రఘు