పెట్టె మీద 65, లోపల దిద్దిన 9

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ‘మీ ఇంట్లో ఈ నాణెం ఉందా? లక్షలు మీవే’ అన్న శీర్షిక చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను సబ్ పోస్ట్‌మాస్టరుగా చేసి రిటైరయ్యాను. వెండి రూపాయలు పోగుచెయ్యడం నాకు నలభై ఏళ్ల పిచ్చి. బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయలు 1938 నుంచి 1945 దాకా ఉంటాయి. 1939 తప్ప మిగతా సంవత్సరాలన్నీ నా ఆల్బంలో ఉన్నాయి. బొంబాయి టంకశాలలో ఆ ఏడు కొట్టిన రూపాయి దొరకడం బహు అరుదు. రూపాయిలో నూటికి 91.7 పాళ్లున్న వెండిని 1940లో 50కి దించేశారు.

సంక్రాంతికి ముందు ఒక ఆన్‌లైన్ వేలంలో ఆ 1939 కనబడింది. 99 రూపాయల దగ్గర పాట మొదలు. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి, పైన ఏదో గ్రేడింగ్ కంపెనీ (నాణెం అసలుదో కాదో చూసి, ఎంత అరిగిందో అంకె వేసేది) చీటీ, దాని మీద ‘ఎంఎస్ 65’ (మింట్ స్టేట్, అంటే టంకశాల నుంచి వచ్చినట్టే ఉంది) అని. 7,400కి నాకే దక్కింది. ‘అంత అరుదైనది ఇంత చౌకగా ఎలా వచ్చింది నాన్నా’ అన్నాడు మా అబ్బాయి. వాడికి గ్రేడింగు గురించి అరగంట పాఠం చెప్పాను. ఆశ లావు, పీక సన్నం.

పాఠంలో అబద్ధమేమీ లేదు లెండి. 1949లో షెల్డన్ అనే అమెరికా ఆయన పెట్టిన లెక్క, 1 నుంచి 70 వరకు. 60, ఆపైన ఉంటే చేతులు మారి అరగని నాణెం అన్నమాట. అక్కడే గ్రేడింగ్ కంపెనీలుగా 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ వచ్చాయి. వాళ్లు వేసిన అంకెకు విలువ వచ్చింది ప్లాస్టిక్ వల్ల కాదు, పొరబడితే పరిహారం కడతామన్న హామీ వల్ల. నేను మరిచిపోయింది ఆ ముక్కే. పెట్టె, మెరిసే చీటీ ఎవరైనా చేయించుకోవచ్చు. ఆ రెండు కంపెనీల పెట్టెలకే నకిలీలు వస్తున్నాయి.

పార్సిల్ విప్పి చూస్తే సరిగ్గా సంవత్సరం ఉన్నచోటే ప్లాస్టిక్ గీరుకుపోయి మసకగా ఉంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, వేలంలో పెట్టిన ఫొటోయే అక్కడా. కింద ఫోన్ నంబరు అమ్మినవాడిదే! మా వీధి చివర ఆచారిగారి దగ్గరకెళ్లి పెట్టె పగలగొట్టించాను. తూస్తే 11.6 గ్రాములు, రూపాయెత్తుకు రూపాయెత్తు. గీటురాయి మీదా నిలిచింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన మాత్రం కంటికి అద్దం పెట్టుకుని, ‘వెండి మంచిదేనండీ, ఈ తొమ్మిది మీద మాత్రం చెయ్యి పడింది’ అన్నారు. ఎనిమిది కింది సున్నాకు ఎడమ పక్క చెక్కేసి తొమ్మిది చేశారు. అంటే అది 1938 రూపాయి. నా దగ్గర అవి ఇదివరకే రెండున్నాయి.

అమ్మినవాడికి రాస్తే ‘సీలు తీశారు కనుక గ్యారంటీ పోయింది’ అని జవాబు. కంపెనీకి రాస్తే అదే జవాబు, అవే అక్షరదోషాలతో. పెట్టె తెరవకపోతే మోసం తెలియదు, తెరిస్తే మాట చెల్లదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

నా 7,400 సంగతి అలా ఉంచండి. మీ శీర్షిక చదివి మా పక్కింటావిడ వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ల పట్టుకొచ్చింది. 2012లో మన ప్రభుత్వమే వేసిన బిళ్ల అది. లక్షలిస్తానన్నవాడు ముందు ‘రిజిస్ట్రేషన్’ కింద 1,500 పంపమన్నాడట. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తనకు సంబంధం లేదనీ, వాటి మీద రుసుము, కమీషన్ వసూలు చెయ్యమని ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ ప్రకటనను వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యండి. 1818 సంవత్సరం, రాముడి పట్టాభిషేకం ఉన్న ‘కంపెనీ నాణెం’ ఫొటో మాత్రం ఇంకోసారి వెయ్యకండి. ఈస్టిండియా కంపెనీవాళ్లు దేశమంతటికీ ఒకే తీరు నాణేలు కొట్టడం మొదలుపెట్టిందే 1835లో.

మీ విలేకరి ఎవరైనా తెనాలి వస్తే ఆ తొమ్మిదిని చూపిస్తాను. భూతద్దం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ పోస్ట్‌మాస్టరు,
తెనాలి