సమజాత శ్రేణిలో ఆ ఒక్క కార్బన్ తేడా

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో పదో తరగతి కెమిస్ట్రీ బిట్లు వేశారు. సమజాత శ్రేణిలో, అంటే ఒకే రకం నిర్మాణంతో ఒక్కో కార్బన్ పెరుగుతూ పోయే సమ్మేళనాల వరుసలో, పక్కపక్కన ఉండే రెండు సమ్మేళనాలకి తేడా సీహెచ్2 (ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు) అనీ, అణుభారంలో తేడా 14 అనీ, రసాయన ధర్మాలు మాత్రం 'ఒకేలా ఉంటాయి' అనీ జవాబులిచ్చారు. తప్పేం లేదు, పరీక్షకి అంతే కావాలి. కానీ నేను బెంగళూరు రామమూర్తినగర్‌లో 20 ఏళ్లుగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను, వాళ్లలో సగానికి సగం తెలుగు ఇళ్ల పిల్లలే, ఆ మూడో జవాబు చూసినప్పుడల్లా దాన్ని అలా సగంలో వదిలేయకూడదని నాకు అనిపిస్తుంది.

ఎందుకో చెప్తాను. కిందటేడు ఒక అబ్బాయి, కుప్పం వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్లది, నిలబడి అడిగాడు: "సార్, మిథనాల్, ఇథనాల్ రెండూ ఒకే శ్రేణి, రసాయన ధర్మాలు ఒకటే అంటున్నారు. మరి మామూలు మందులో ఉండే ఇథనాల్ తాగినవాడు తూలుకుంటూనైనా ఇంటికొస్తున్నాడు, మిథనాల్ తాగినవాడు చచ్చిపోతున్నాడు కదా, అదెలా?" క్లాసంతా నిశ్శబ్దం. వాడిది ఊరికే వేసిన ప్రశ్న కాదు. 1981 జులైలో ఇదే బెంగళూరులో మిథనాల్ కలిసిన కల్తీ సారాకి 300 మందికి పైగా పోయారు. 2008 మేలో బెంగళూరు చుట్టుపక్కల, అటు తమిళనాడు కృష్ణగిరి వైపు కలిపి మళ్లీ 100 మందికి పైగా. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచిలో 60 మందికి పైగా. పోయినవాళ్లలో ఎక్కువమంది కూలి చేసుకునే వాళ్లే, అంటే ఆ అబ్బాయి ఇంటి చుట్టూ ఉండే లాంటి మనుషులే.

ఆ రోజు వాడికి చెప్పిందే మీకూ రాస్తున్నాను. రసాయన ధర్మాలు ఒకేలా ఉంటాయన్నది నిజమే, అసలు ప్రమాదం వచ్చిందే అందువల్ల. రెండింటికీ ఉన్నది అదే ఓహెచ్ సమూహం, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట. మన కాలేయంలో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దానికి ఏ ఆల్కహాల్ దొరికినా ఒకటే పని, ఆక్సీకరణం చేయడం. ఇథనాల్ దొరికితే అసిటాల్డిహైడ్, ఆ తర్వాత అసిటిక్ ఆమ్లం వస్తుంది, అంటే వెనిగర్‌లో ఉండేదే, దాన్ని ఒళ్లు ఇంధనంలా వాడేసుకుంటుంది. మిథనాల్ దొరికినా సరిగ్గా అదే చర్య, కాకపోతే ఒక కార్బన్ తక్కువ కాబట్టి వచ్చేది ఫార్మాల్డిహైడ్, ఆ తర్వాత ఫార్మిక్ ఆమ్లం. చీమకున్న లాటిన్ పేరు మీద ఆ పేరు పెట్టారు. అది ఒంట్లోంచి త్వరగా పోదు, పేరుకుపోయి కణాలు ఆక్సిజన్ వాడుకోకుండా అడ్డుపడుతుంది, కంటి నరం మీద దెబ్బ అందుకే పడుతుంది, బతికి బయటపడ్డ వాళ్లలో కొందరికి చూపు పోయేది అందుకే.

ఇంకో సంగతి చెప్పేసరికి పిల్లలు కుర్చీల్లో ముందుకి జరిగారు. మిథనాల్ విషానికి ఆస్పత్రిలో ఇచ్చే విరుగుళ్లలో ఇథనాల్ కూడా ఒకటి! ఆ ఎంజైమ్ మిథనాల్ కన్నా ఇథనాల్‌నే ముందు పట్టుకుంటుంది, అది ఇథనాల్ పనిలో ఉన్నంతసేపు మిథనాల్ విషంగా మారదు, ఈలోపు డయాలసిస్‌తో దాన్ని బయటికి పంపేయొచ్చు. ఫోమెపిజోల్ అనే మందైతే ఆ ఎంజైమ్‌నే ఆపేస్తుంది. ఇదంతా డాక్టర్లు రక్తపరీక్షలు చూసుకుంటూ చేసేది, ఇంట్లో చేసే వైద్యం ఎంతమాత్రం కాదు, అది పిల్లలకి రెండుసార్లు చెప్పాను.

ఒకటి నుంచి నాలుగు కార్బన్లకి పేర్లు మీథ్, ఈథ్, ప్రాప్, బ్యూట్ అని మా పిల్లలు ఎక్కాల్లా అప్పజెబుతారు, కానీ ఈ వరుస ఉన్నది కంఠస్థానికి కాదు, తెలియనిది ఊహించడానికి. నేను బోర్డు మీద మరుగు స్థానాలు రాస్తాను: మిథనాల్ 65 డిగ్రీలు, ఇథనాల్ 78, ప్రొపనాల్ 97, బ్యూటనాల్ 118. తర్వాతది మీరే చెప్పండి అంటాను. 135 అని ఒకరు, 140 అని ఒకరు అంటారు, పెంటనాల్‌ది 138. ఆ అంకె చూసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. 1840ల్లో షార్ల్ జెరార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఈ శ్రేణుల మాట తెచ్చినప్పటికి కార్బన్‌కి నాలుగు బంధాలని కూడా ఎవరూ తేల్చలేదు, కెకులే అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ మాట చెప్పింది 1857-58లో. లోపల ఏముందో తెలియకుండానే వరుసని బట్టి అంత దూరం వెళ్లారు.

ఆమ్లాల వరుసా అంతే. చీమ ఫార్మిక్ ఆమ్లంలో ఒక కార్బన్, వెనిగర్‌ది రెండు, అలా పోతూ పోతూ కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం దగ్గరికొస్తే 12. ఆ నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టే డిసెంబరులో మా బెంగళూరు ఇళ్లలో పొద్దున్నే సీసాని వేణ్నీళ్లలో పెట్టాల్సి వస్తుంది. ఇంట్లో అమ్మ రోజూ చేసే పనిలో పాఠం ఉంటే పుస్తకంలో పట్టిక దగ్గరే ఆగిపోతున్నాం.

అందుకే మీకు రెండు విన్నపాలు. ఈసారి బిట్ల పేజీలో తేడా ఎంత అన్న దాంతో పాటు, ఒక కార్బన్ తగ్గితే ఒంట్లో ఏం మారుతుంది అనే ప్రశ్న ఒక్కటి వేయండి, జవాబు పది లైన్లయినా పర్వాలేదు. రెండోది, ఇలాంటి ఘటన ఎక్కడ జరిగినా 'కల్తీ సారా తాగి మృతి' అని ఊరుకోకుండా మిథనాల్ అన్న మాట హెడ్డింగ్‌లోనే పెట్టండి, పక్కన ఒక చిన్న బాక్సులో లక్షణాలు కూడా రాయండి: చూపు మసకబారడం, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం. ఇవి తాగిన వెంటనే రావు, చాలాసార్లు 12 నుంచి 24 గంటలు పడుతుంది, అందుకే కలిసి తాగినవాళ్లలో బాగానే ఉన్నవాడు కూడా ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్లాలని పెద్దక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు,
రామమూర్తినగర్, బెంగళూరు