కోరంగి మడకు ముందు నీళ్లు పారనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి గురించి పేపర్లో ఎప్పుడు వచ్చినా చెక్క వంతెన, బోటు షికారు, సెలవు రోజుల రద్దీ, ఇవే ఉంటున్నాయి. టూరిస్టులు రావాలి, కాదనను. ఆ వంతెన దాటాక లోపల ఏముందో కూడా కాస్త రాయండి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 235 చదరపు కిలోమీటర్లు, లోపలికి వెళ్లాలంటే పడవే దిక్కు, గౌతమి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు, వాటిలోంచి మళ్లీ చీలిన చిన్నాచితకా కాలవలు కాకినాడ అఖాతం దాకా అల్లుకుపోయి ఉంటాయి, అఖాతానికి అవతల సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ. బావురు పిల్లి, నీటికుక్క తిరిగేది ఇక్కడే. పండుగొప్ప, రొయ్య, మండపీత పిల్లలు పెరిగేదీ ఇక్కడే, మా మత్స్యకారుల కూడు అదే.

ఈ అడవి ప్రాణమంతా ఆ కాలవల్లోనే ఉంది. పోటుకు ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది, పాటుకు దిగిపోతుంది. నీరు దిగాక చూడండి, బురదలోంచి వేలెడంత వేర్లు వేలకొద్దీ పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, నల్లమడ, తెల్లమడ చెట్లు ఊపిరి తీసుకునేది వాటితోనే. రొయ్యల చెరువు గట్టు అడ్డం పడినా, కాలవ సముద్రంలో కలిసే మొగ పూడిపోయినా నీరు నిలిచి ఆ వేర్లకు ఊపిరాడదు, లేదంటే నేల ఎండి ఉప్పు పేరుకుంటుంది. గొడ్డలి పడకుండానే చెట్లు నిలువునా చచ్చిపోతాయి. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాలకని మడ నేలలో మట్టి పోస్తే కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) దాకా వెళ్లింది, ఇలా లోపల నెమ్మదిగా చచ్చే అడవి గురించి అడిగేవాళ్లే లేరు.

ఏటా మొక్కలు నాటుతున్నారు, మంచిదే, కానీ పోటు అందని పర్రలో, అంటే ఉప్పు తేలిన బీడులో, మొక్క బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీ శాఖ, ఊళ్లలోని వన సంరక్షణ సమితులు కలిసి చేసిన పని మన కళ్ల ముందే ఉంది. చేపముల్లులా మధ్యలో పెద్ద కాలవ, రెండు పక్కలా పిల్ల కాలవలు తవ్వి, పోటు నీరు ఎక్కించి, వాటి అంచుల్లో మొక్కలు పెడితే బీడుపడిన నేల పచ్చబడింది.

1839 తుఫానుకు కోరంగి రేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు, ఉప్పెన వచ్చినప్పుడు అలల ఊపు తగ్గించేది ఈ మడే. అందుకే అటవీ శాఖ, మత్స్య శాఖ కలిసి ఏ కాలవ ఎక్కడ మూసుకుపోయిందో సర్వే చేయాలి, పడవ నడిపేవాళ్లని వెంట తీసుకెళ్లాలి, వాళ్లకు తెలియని మొగ ఉండదు. అనుమతి ఉన్న చెరువుల జాబితా పంచాయతీల్లో అంటించి, అనుమతి లేని చెరువుల గట్లు వచ్చే తుఫాన్ల సీజన్ లోపే తీసేయాలి.

— ఒక పాఠకుడు, తాళ్లరేవు